సమాధి మీది మాట

ఈ మధ్య ఒక మిత్రుడు తన తల్లిగారి సమాధి ఫలకంపై చెక్కించడానికి నాలుగు మాటలు వ్రాసి ఇమ్మని కోరాడు. వారిది క్రైస్తవ కుటుంబం. చెక్కేవాడు అక్షరానికి ఇంత అని లెక్క కడతాడట, క్లుప్తంగా ఉండాలన్నాడు. కలం పట్టుకొని కూర్చున్నాక తట్టింది: అసలు ఇటువంటి వ్రాతకు తెలుగులో పేరేమిటి?

'సమాధి' మొదట చిత్తైకాగ్రత. సన్న్యాసుల దేహాన్ని దహనం చేయక పాతిపెట్టే ఆచారం వల్ల ఆ మాట ఆ చోటుకు అంటుకొంది. 'గోరీ' పారసీకం నుండి వచ్చింది. ఉర్దూవారికి 'కత్బా' ఉంది. అది 'కితాబు'కు తోబుట్టువు, వ్రాయడమనే అరబ్బీ ధాతువు నుండి పుట్టింది. మనకు వీరగల్లులున్నాయి గాని ఆ పేరు రాతిది, వ్రాతది కాదు. పోనీ 'సమాధి శాసనం' అందామా? శాసనమంటే ఆజ్ఞ. ఆ తల్లి ఎవరినీ ఆజ్ఞాపించి ఎరుగదు.

ఇక ఇంగ్లీషువారి 'ఎపిటాఫ్' సంగతి. గ్రీకులో 'ఎపి' అంటే మీద, 'టాఫోస్' అంటే సమాధి. ఇంతేనా అనుకొన్నాను. కాని ఏథెన్సులో 'ఎపిటాఫియోస్' అంటే రాతిమీది వ్రాత కాదు, యుద్ధంలో మరణించినవారిని పూడ్చేవేళ పలికే ప్రసంగం! క్రీ.పూ. 431 చలికాలంలో పెరిక్లీసు చేసిన ప్రసంగం అటువంటిదే. థుసిడిడీసు తన చరిత్రలో దానికి చోటిచ్చాడు. రాతిపై చెక్కినదాన్ని గ్రీకులు 'ఎపిగ్రామ్మా' అనేవారు, అనగా మీద వ్రాసినది. లాటిను, ఫ్రెంచి భాషల గుండా ఇంగ్లీషుకు చేరేసరికి పలికినది కాస్తా చెక్కినదైంది. చెక్కినదేమో 'ఎపిగ్రామ్'గా మారి, మన చాటువులకు దగ్గరి చుట్టమైన చమత్కార పద్యమైంది. రెండు మాటలూ ఇళ్ళు మార్చుకొన్నాయన్నమాట. శాసనపరిశోధనకు పేరైన 'ఎపిగ్రఫీ' మాత్రం పాత ఇంటినే అంటిపెట్టుకొంది.

ఈ మార్పు ఉత్త పొరపాటని నేననుకోను. ఏథెన్సు సమీపాన మెరెండాలో 1972లో ఫ్రాసిక్లియా అనే కన్య సమాధిపై నిలిపిన పాలరాతి విగ్రహం దొరికింది. అది క్రీ.పూ. ఆరవ శతాబ్ది నాటిది. పెళ్ళికాకుండానే పోయిన ఆ పిల్ల, పీఠంమీది వ్రాతలో ఉత్తమపురుషలోనే మాట్లాడుతుంది. ఆ కాలాన చదవడమంటే సాధారణంగా పైకి చదవడమే. దారిన పోయేవాడు తన గొంతు ఆమెకు అరువిచ్చేవాడు. వ్రాత మళ్ళీ పలుకయ్యేది.

మిత్రునికి రెండు చిత్తుప్రతులు పంపాను. ఒకటి 'ఆమె' అని, మరొకటి 'నేను' అని. అక్షరాలు ఎక్కువైనా అతడు రెండవదే తీసుకొన్నాడు. దానికి పేరు మాత్రం నాకింకా కుదరలేదు. ప్రస్తుతానికి 'సమాధి పలుకు' అని పిలుచుకొంటున్నాను.