ఒడంబడికలకు కాపలా: కువైట్ చెప్పే పాఠం

మన పూర్వులు సముద్రాలు దాటిన చరిత్ర ఒప్పందపు కాగితంతో మొదలయింది. కూలి ఎంతో, పని ఎన్నేళ్ళో అందులో వ్రాసి ఉండేది. తోటలో జరిగేది వేరు. ఫిజీలో కూలీల స్థితి స్వయంగా చూడడానికి 1915లో సి.ఎఫ్. ఆండ్రూస్, డబ్ల్యు.డబ్ల్యు. పియర్సన్ గార్లు వెళ్ళారు. వారు ప్రభుత్వోద్యోగులు కారు. 1916లో వారు వెలువరించిన నివేదిక భారతదేశంలో గొప్ప అలజడి లేపింది. 1917లో కూలీలను పంపడం ఆగింది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒప్పందాలు రద్దయ్యాయి. మాట ఇచ్చినవాడే ఆ మాటకు సాక్షి కాలేడని ఈ చరిత్ర నేర్పుతుంది.

ఇక కువైట్ సంగతి చూద్దాం. రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుండీ, గోదావరి జిల్లాల నుండీ ఎందరో స్త్రీలు అక్కడి ఇళ్ళలో పనికి వెళ్ళారు. వారి నివాసపత్రం యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. ఈ పద్ధతిని ‘కఫాలా’ అంటారు. చెప్పకుండా పని వదిలిన మనిషిపై పారిపోయిందని యజమాని ఫిర్యాదు చేయవచ్చు.

కువైట్ 1996లో పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో చేరింది. చేరిన ప్రతి దేశమూ కొన్నేళ్ళకొకసారి ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘానికి నివేదిక పంపాలి. ప్రభుత్వం తన మంచినే వ్రాసుకుంటుంది గదా! అందుకని పౌర సంఘాలు వేరే నివేదిక పంపుతాయి. రెండూ ముందు పెట్టుకొని నిపుణులు ప్రశ్నిస్తారు, సిఫార్సులు చేస్తారు. వాటిని అమలు చేయించే పోలీసులు లేరు. “పోయినసారి చెప్పినది ఏమయింది?” అని మళ్ళీ అడగడమే వారి బలం.

ఆ బలం చిన్నది కాదు. స్త్రీలకు ఓటు హక్కునిస్తూ అమీరు జారీ చేసిన శాసనాన్ని 1999లో కువైట్ జాతీయసభ త్రోసిపుచ్చింది. 2000లో నిపుణుల సంఘం ఆ లోపాన్ని ఎత్తిచూపింది. అక్కడి మహిళలు పట్టు విడవలేదు. 2005 మే 16న ఓటు హక్కు సాధించారు.

ఇంటిపనివారికి న్యాయం ఇంకా ఆలస్యమయింది. 2010 నాటి కార్మిక చట్టం వారిని వదిలివేసింది. 2009 ఒక్క ఏడాదిలోనే కొన్ని దేశాల రాయబార కార్యాలయాలకు పదివేలకు పైగా ఫిర్యాదులు అందాయని హ్యూమన్ రైట్స్ వాచ్ 2010లో ప్రకటించింది. చివరకు 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. వారానికొక రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు అందులో ఉన్నాయి. పాస్‌పోర్టు యజమాని దాచుకోరాదు. 2016లో కనీస వేతనం 60 దీనార్లుగా నిర్ణయించారు. అయితే ఇంటి లోపల తనిఖీకి ఏర్పాటు లేదని హక్కుల సంఘాలు విమర్శించాయి. మూసిన తలుపు వెనుక చట్టం ఎలా నడుస్తున్నదో అక్కడ పనిచేసే మనిషే చెప్పాలి.

కనుక ఒప్పందం నకలు, జీతం అందిన తేదీ, ఇంటికి చేసిన ఫోను, ఇవన్నీ సాక్ష్యాలే. పెద్ద నివేదికలు ఇటువంటి చిన్న వివరాలతోనే తయారవుతాయి. ఒకనాడు మనవారి కోసం ఎవరో వెళ్ళి చూశారు, విన్నారు, వ్రాశారు. నేడు కువైట్‌లోని మన అక్కచెల్లెళ్ళ మాట విని వ్రాసి ఉంచడం ఆ ఋణం తీర్చుకునే మార్గం.