పట్టడం, వదలడం: ఎడారి డేగవేటలో ఒక పాత కట్టుబాటు

అక్టోబరు వచ్చిందంటే గల్ఫ్ తీరం మీదుగా డేగల వలస మొదలయ్యేది. అందులో చాలామటుకు కూన పక్షులే. ఆ వేసవిలోనే మధ్య ఆసియా మైదానాల్లో గుడ్డులోంచి బయటపడి, రెక్కలొచ్చి, తల్లిదండ్రులను వదిలి తొలిసారి దక్షిణానికి దారిపట్టినవి. ఇప్పుడు ఎమిరేట్స్ అంటున్న నేల మీద బెదూయిన్లనే ఎడారి సంచారులు వాటికోసం కాచుకుని ఉండేవాళ్లు. ఒకడు ఇసుకలో గొయ్యి తీసి అందులో కూర్చునేవాడు. పైన ఎండుకంపలు కప్పేవాళ్లు. ఎదురుగా కాలికి తాడు కట్టిన పావురం. డేగ వచ్చి పావురాన్ని తన్ని దానిమీద కూర్చోగానే, గోతిలోని మనిషి తాడును వేలెడు వేలెడు చొప్పున తనవైపు లాక్కునేవాడు. చిక్కిన ఆహారాన్ని విడిచిపెట్టడానికి మనసొప్పని డేగ దాంతోపాటే జరుగుతూ చేతికందేంత దగ్గరికి వచ్చేసేది.

అలా పట్టిన తొలి ఏటి పక్షిని ఫర్ఖ్ అంటారు. ఒకసారి ఈకలు రాల్చి కొత్త ఈకలు తొడిగిన పెద్దదాన్ని ఖర్నాస్ అంటారు. ఎక్కువగా కోరుకునేది ఫర్ఖ్‌నే, అందులోనూ మగదానికంటే ఒళ్లు పెద్దదైన ఆడదాన్ని. గూట్లోంచి తెచ్చిన పిల్లకు వేట రాదు, అన్నీ మనిషే నేర్పాలి. పెద్దదానికి అన్నీ వచ్చు కానీ మనిషిని అంత తొందరగా నమ్మదు. వలసదారిలో దొరికిన కూన ఈ రెండింటికీ మధ్యస్థం. కొన్ని వారాలుగా తన తిండి తానే సంపాదించుకుంటోంది, ఇంకా మొండితనం ముదరలేదు. తోలుముసుగు తొడిగి, కాళ్లకు దారాలు కట్టి, పగలూ రాత్రీ చేతిమీదే మోసేవాళ్లు. కాఫీ తాగే గుంపులో, పిల్లల అల్లరిలో, కుక్కల మధ్య కూర్చోబెట్టేవాళ్లు. రెండు మూడు వారాలకు పిలిస్తే చేతిమీద వాలేది.

దాని వేట ముఖ్యంగా హుబారా. కర్నూలు సీమలోని రోళ్లపాడు పేరు విన్న తెలుగు పాఠకులకు ఈ పక్షిని పరిచయం చేయడం తేలిక. 1988లో అభయారణ్యం ఏర్పాటు చేసి మరీ కాపాడాలని చూసిన బట్టమేక పిట్టకు హుబారా దగ్గరి చుట్టం. ఒళ్లు దానికన్నా చిన్నది, రంగు ఇసుకలో కలిసిపోతుంది. డేగ మీదపడితే జిగట రెట్టను చిమ్మి దాని రెక్కలను అంటుకుపోయేలా చేస్తుంది. ఖర్జూరం, ఒంటెపాలతో నెలలు గడిపే కుటుంబానికి ఒక హుబారా దొరికిందంటే ఆ పూట మాంసం దొరికినట్టే. 1948లో బురైమీ ఒయాసిస్‌లోని మువైజీ కోటలో, తర్వాత ఎమిరేట్స్ తొలి అధ్యక్షుడైన షేక్ జాయెద్‌ను కలిసిన బ్రిటిష్ యాత్రికుడు విల్‌ఫ్రెడ్ థెసిజర్, ఆ తర్వాత ఆయన బృందంతో కలిసి ఒంటెల మీద ఈ వేటకు వెళ్లాడు. 1959లో అచ్చయిన తన పుస్తకం ‘అరేబియన్ శాండ్స్’లో దాని గురించి రాశాడు.

వసంతం రాగానే డేగను వదిలేసేవాళ్లు.

ఇందులో దయ ఎంతో, అవసరం కూడా అంతే. ఎండాకాలం ఎడారిలో డేగ బతకడం కష్టం. ఈకలు రాల్చే ఆ నెలల్లో అది వేటాడదు, కానీ రోజూ మాంసం పెట్టాలి. మనుషులకే మాంసం లేని గుడారంలో దానికి ఎక్కడినుంచి తెస్తారు? అందుకే కాలికట్లు విప్పి పంపేసి, మళ్లీ శరత్కాలంలో కొత్తదాన్ని పట్టేవాళ్లు. ప్రకృతి లెక్కలో చూస్తే ఈ పద్ధతి తేలికైనదే. అడవిలో పుట్టిన కూన డేగల్లో సగానికి పైగా తొలి ఏడాదే చనిపోతాయి. గుడ్లు పెట్టే ఈడు పక్షిని తీసుకుంటే ఒక గూడు ఖాళీ అవుతుంది. కూనను తీసుకుని, కడుపునిండా తినిపించి చలికాలం దాటించి వదిలితే ఆ జాతికి పెద్ద నష్టం రాదు. పిల్లను పట్టడం పెద్దదాన్ని పట్టడం కంటే పాపమని మనకు అనిపించడం సహజం. ఇక్కడ మాత్రం లెక్క తిరగబడింది.

గూడు జోలికి వెళ్లడం వేరే సంగతి. ఇస్లాం ప్రవక్త ముహమ్మద్ మాటలను, చేతలను కూర్చిన అబూ దావూద్ హదీసు సంకలనంలో ఒక వృత్తాంతం ఉంది. ప్రయాణంలో ఉన్న సహచరులు ఒక చిన్నపిట్ట పిల్లలు రెండింటిని పట్టుకుంటారు. తల్లిపిట్ట వచ్చి వాళ్ల తలలమీద రెక్కలు కొట్టుకుంటూ తిరుగుతుంది. ప్రవక్త చూసి, పిల్లల్ని తీసి దీన్ని క్షోభపెట్టింది ఎవరని అడిగి, వెంటనే తిరిగి ఇచ్చేయమంటారు. వేటను అనుమతించే మతమే దానికి గీసిన గీత అది. వలసదారిలో చిక్కిన డేగకు తల్లి వెతుక్కుంటూ రాదు. దాని బాల్యం అప్పటికే ముగిసింది.

పట్టి వదిలే ఈ ఏర్పాటును చెడగొట్టింది డబ్బు. అంతకుముందే తుపాకీ వచ్చింది. షేక్ జాయెద్ తన యౌవనంలో జరిగిన ఒక సంగతి తర్వాతి రోజుల్లో తానే చెప్పుకున్నారు. జింకల మంద వెంటపడి కాల్చుకుంటూ పోయి, లెక్క చూసుకుంటే పద్నాలుగు పడి ఉన్నాయట. తుపాకీతో వేట అంటే ఆ జాతిని తుడిచిపెట్టడమేనని ఆయనకు అప్పుడే అర్థమైంది. తుపాకీ పక్కనపెట్టి డేగవేటకే పరిమితమయ్యారు. ఆయనలా ఆగినవాళ్లు తక్కువ. జీపులెక్కి ఆటోమేటిక్ తుపాకులతో వెంటాడితే ఎడారిలో దాక్కోవడానికి చెట్టుందా, గుట్టుందా? అరేబియన్ ఒరిక్స్ అనే జింకజాతి 1972 నాటికి అడవిలో లేకుండాపోయింది. అంతకు నాలుగేళ్ల ముందే, 1968లో, జాయెద్ కొన్నింటిని పట్టించి అల్ ఐన్‌లో పెంపకం మొదలుపెట్టడం వల్ల ఎమిరేట్స్‌కు విత్తనం మిగిలింది.

డేగల విషయంలో నష్టం నెమ్మదిగా జరిగింది. చమురు డబ్బుతో ఏసీ గదులు వచ్చాయి, కోరినంత మాంసం వచ్చింది. వేసవి దాటించడం సులువైపోయింది. వసంతంలో వదిలే అవసరం తీరిపోయాక వదిలే అలవాటూ సన్నగిల్లింది. అంతకంటే ఘోరం 1991 తర్వాత జరిగింది. సోవియట్ యూనియన్ కూలాక కజకిస్థాన్ మైదానాల్లో కాపలా లేదు, జనానికి పని లేదు, గల్ఫ్‌లో గిరాకీ మాత్రం ఉంది. దొంగ వ్యాపారులు పెద్దవాటినీ పట్టారు, గూళ్లలోని పిల్లలనూ ఎత్తుకుపోయారు. అరబ్బులు హుర్ర్ అని ముద్దుగా పిలిచే సేకర్ డేగ ఇప్పుడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య జాబితాలో అంతరించే ముప్పున్న జాతుల వరుసలో ఉంది. తాతలు వలసదారిలో తీసుకుని తిరిగి ఇచ్చిన పక్షిని మనవళ్ల బజారు గూట్లోనే కొనేసింది.

దిద్దుబాటు కూడా ఆ నేలమీదే మొదలైందని చెప్పడం న్యాయం. 1976లో జాయెద్ అబుదాబిలో అంతర్జాతీయ డేగవేట సమావేశం పెట్టించి వేటగాళ్లనూ శాస్త్రజ్ఞులనూ ఒకచోట కూర్చోబెట్టారు. 1983లో ఫెడరల్ చట్టం వేటకు పగ్గం వేసింది. 1995లో ఆయన పేరుమీదే డేగల విడుదల కార్యక్రమం మొదలైంది. వేటకాలం ముగిశాక వైద్యులు పరీక్షించి, కాలికి రింగు, ఒంట్లో మైక్రోచిప్ పెట్టి, ఎగిరే సత్తువ వచ్చేదాకా సాధన చేయించి వదులుతారు. పాకిస్థాన్, కజకిస్థాన్ వంటి దేశాల్లో ఇప్పటిదాకా రెండువేలకు పైగా డేగలు ఇలా వెళ్లాయి. పేదరికం చేయించిన పనిని ఇప్పుడు ప్రభుత్వం ఖర్చుపెట్టి చేయిస్తోంది. 1999లో తెరిచిన అబుదాబి డేగల ఆసుపత్రికి వెళ్తే, వరండాలో పచ్చిక పరిచిన దిమ్మల మీద ముసుగులు తొడిగిన డేగలు వరసగా కూర్చుని వంతుకోసం ఎదురుచూస్తుంటాయి. విరిగిన ఈక స్థానంలో సరిపోయే ఈకను అతికిస్తారు, పెరిగిన గోళ్లు కత్తిరిస్తారు. 2002 నుంచి దేశం దాటే డేగకు సొంత పాస్‌పోర్టు ఉండాలి. దొంగచాటుగా పట్టినదాన్ని దాటించడం దానివల్ల కష్టమైంది. నేడు వేటకెళ్లే డేగల్లో ఎక్కువభాగం ఫారాల్లో పుట్టినవే. మంగోలియాలో సేకర్‌ల కోసం అబుదాబి పర్యావరణ సంస్థ డబ్బుతో ఐదువేల కృత్రిమ గూళ్లు నిలబెట్టారు. గూళ్లు దోచిన బజారు బాకీ కొంత ఈ రూపంలో తీరుతోంది.

2010లో యునెస్కో డేగవేటను మానవజాతి వారసత్వంగా గుర్తించింది. ఎమిరేట్స్ ముందుండి పదకొండు దేశాల తరఫున వేయించిన దరఖాస్తు అది. గౌరవం దక్కింది. వేటాడే పక్షి సంగతి ఇలా కొంత కుదుటపడింది. వేటాడబడే పక్షి సంగతే ఇంకా తేలలేదు.

అల్ ఐన్‌లో హుబారా పెంపకం 1977లో మొదలైతే తొలి పిల్ల 1982లో పుట్టింది. 1995 నుంచి మొరాకోలోని మిసూర్‌లో పెద్ద కేంద్రం నడుస్తోంది. ఇప్పటికి లక్షల్లో హుబారాలను పెంచి ఎడారుల్లో వదిలారు. అడవిలో మిగిలినవాటి మీద ఒత్తిడి తగ్గించడానికి ఇది పనికొస్తుంది, అందులో సందేహం లేదు. 2015 ఆగస్టులో పాకిస్థాన్ సుప్రీంకోర్టు హుబారా వేటను నిషేధించి, 2016 జనవరిలో తానే ఆ నిషేధాన్ని ఎత్తేసింది. అరబ్ అతిథుల వేటకు అక్కడ ఎంత బలముందో దాన్నిబట్టి తెలుస్తుంది. అలాంటి చోట పెంచిన పక్షులు అడవి పక్షులకు కవచమే అవుతాయి.

అయినా అడగాల్సింది ఒకటుంది. కేంద్రంలో కృత్రిమ గర్భధారణతో పుట్టి, మనుషుల చేతిమీదుగా తిండి తిని పెరిగిన హుబారా కూనకు డేగ నీడ ఎలా ఉంటుందో తెలియదు. మైదానంలో నాలుగు చలికాలాలు బతికిన అడవి హుబారా ఎప్పుడు నేలకు కరుచుకోవాలో, ఎప్పుడు ఎగరాలో, ఎప్పుడు రెట్ట చిమ్మాలో నేర్చుకుని ఉంటుంది. డేగకూ హుబారాకూ గెలిచే అవకాశం ఉండబట్టే బెదూయిన్ ఆ వేటను గౌరవించాడు. అంచేత, వేటకోసమే పెంచే పక్షులనైనా కొన్ని నెలలు బయటి ఎడారిలో తిరగనిచ్చి, భయం నేర్చుకున్న తర్వాతే వాటిమీదికి డేగను వదలాలి. ఇలాంటి గడువు పెట్టడం ఆ కేంద్రాలు నడిపేవాళ్ల చేతిలో పనే. కూన డేగకు వసంతందాకా గడువిచ్చిన సమాజానికి ఇది అసాధ్యమేమీ కాదు.