బియ్యం కోసమేనా?

చెన్నైలో ఓఎమ్మార్ మీద ఉద్యోగం వెలగబెట్టిన మనవాళ్ళకి బకింగ్‌హాం కాలువ తెలిసే ఉంటుంది. అదేనండీ, ఆఫీసు బస్సు దాటుతుంటే ముక్కు మూసుకుంటామే, ఆ నల్లనీళ్ళ కాలువ. నేనూ రెండేళ్ళు దాని పక్కనే పనిచేశాను. అదే కాలువలో, పైన ఒంగోలు వైపు మూడున్నర మైళ్ళ ముక్కని ఓ క్రైస్తవ మిషనరీ కాంట్రాక్టు తీసుకుని తవ్వించాడని మాత్రం ఈ మధ్యే తెలిసింది.

ఆయన జాన్ క్లౌ, అమెరికన్ బాప్టిస్టు. 1866లో ఒంగోలు వచ్చాడు. అంతకుముందు అమెరికాలో సర్వేయరు, అంటే దాదాపు మన సివిల్ బ్రాంచే! 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం మొదలైంది. మన క్రైస్తవులు చర్చిని 'సంఘం' అంటారు, గమనించారా? బిల్డింగు కాదు, మనుషులు. మరి ఏ మనుషులు?

ఈ ప్రశ్న క్లౌకి మొదట్లోనే ఎదురైంది. అగ్రకులాల వాళ్ళు కొందరు ఆసక్తి చూపించారు, కానీ మాదిగల్ని చేర్చుకుంటే మేం రామన్నారు. పేరూ పలుకుబడీ కావాలంటే వాళ్ళ మాట వినాలి. క్లౌ దంపతులు వినలేదు. యెర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగలే ఆ సంఘానికి పునాది అయ్యారు.

తర్వాత 1876-78లో ధాత కరువు. జనం పిట్టల్లా రాలిపోతుంటే క్లౌ కాలువ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు.

ఇక్కడో మాట ఒప్పుకోవాలి. "బియ్యం కోసం మతం మారారు" అని కాలేజీ రోజుల్లో నేనూ తెగ వాదించేవాణ్ణి. సరిగ్గా ఆ మాట పడకూడదనే, కరువు సాయం నడిచినన్నాళ్ళూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. సాయం ఇక లేదని చెప్పాక, 1878 జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టాడు. జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది! ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగారట.

కరువులో ఆదుకున్నాడన్న కృతజ్ఞత పని చెయ్యలేదా? చేసే ఉంటుంది. అన్నం పెట్టిన చేతిని ఎవరు మర్చిపోతారు? కానీ చేరడానికి షరతులు చూడండి: విగ్రహాలకి మొక్కకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, ఆదివారం పని చెయ్యకూడదు. మనకి వీకెండు పుట్టుకతో వచ్చిన హక్కు. అప్పటి మాదిగపల్లె మనిషి ఊరి ఆసామితో "ఆదివారం రాను" అంటే? జాతరకి డప్పు కొట్టనంటే? తన్నులు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు. బియ్యం కోసమే అయితే ఇంత బేరం ఎవరాడతారు?

చర్చి ఎందుకుందంటే ఆత్మల కోసమని కొందరు, సేవ కోసమని కొందరు అంటారు. ఒంగోలు కథలో నాకు కనిపించింది మూడోది. ఊరు దూరంగా నిలబెట్టిన మనిషి, మొదటిసారి "ఇది మా సంఘం" అనుకోగలిగిన చోటు. ఆ సంఘాల్లోకి తర్వాత కులం దొడ్డిదారిన రాలేదా అంటే, వచ్చింది. అప్పుడు అడగాల్సిన ప్రశ్న కూడా 1866 నాటిదే: ఇది ఎవరి కోసం మొదలైంది?

నమ్మకం నాకు లేదు. కానీ ఆ పాత వాదన మాత్రం ఇక చెయ్యను.