ముందు ఏ బిల్లు?

రాయలసీమలోని మా ముదిగుబ్బకు అమరావతి కంటే కర్నూలు దగ్గర. రాజధానో హైకోర్టో సీమ కోరుకోవచ్చని 1937లో శ్రీబాగ్ ఒడంబడికలో రాసుకున్నారు. 1953లో కర్నూలు రాజధాని అయింది, మూడేళ్లకే హైదరాబాదుకు పోయింది. అందుకే 2020 జనవరిలో కర్నూలుకు హైకోర్టు అన్న మాట మూడు రాజధానుల బిల్లుల్లోకి ఎక్కగానే బస్టాండు దగ్గర టీ అంగడిలో జనం టీవీకి అతుక్కుపోయారు.

నేను బడిలో సోషల్ చెప్పేవాణ్ణి. బిల్లు ఏయే దశలు దాటాలో పాఠంలో ఉంటుంది. ఏ రోజు, ఎన్నో అంశంగా వస్తుందో ఉండదు. అసలు బలం అక్కడే ఉందని నా నమ్మకం. సభ ఎన్ని రోజులు, దేనికి ఎంతసేపు అన్నది సభా వ్యవహారాల సలహా సంఘం (బీఏసీ)లో కూర్చుని మాట్లాడుకుంటారు. దాన్నిబట్టే ఆనాటి అజెండా తయారవుతుంది.

జనవరి 20న శాసనసభ బిల్లులను ఆమోదించింది. 175 మందిలో 151 మంది వైఎస్సార్సీపీ వాళ్లే కదా, అక్కడ పేచీ లేదు. మర్నాడు మండలిలో కథ మారింది. అక్కడ బలం టీడీపీది. బిల్లుల కంటే ముందు 71వ నిబంధన కింద ప్రభుత్వ విధానాన్ని తిరస్కరించే తమ తీర్మానం చేపట్టాలని పట్టుబట్టి సాధించుకున్నారు. రోజంతా దానికే సరిపోయింది. 22న ఛైర్మన్ ఎం.ఎ. షరీఫ్ తన విచక్షణాధికారంతో బిల్లులను సెలెక్ట్ కమిటీకి పంపుతున్నానన్నారు. ఆ కమిటీ ఏర్పడనే లేదు. 27న మండలినే రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది.

రాజ్యాంగం 197వ అధికరణం ప్రకారం మండలి మొదటిసారి మూడు నెలలు, సభ మళ్లీ పంపితే ఒక నెల మాత్రమే ఆపగలదు. జూన్ 16న సభ మళ్లీ ఆమోదించింది. 17న మండలిలో మళ్లీ అదే తగాదా: ఖజానా నుంచి ఖర్చుకు అనుమతిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు ముందా, రాజధాని బిల్లులు ముందా? వరుస తేలకుండానే మండలి నిరవధికంగా వాయిదా పడింది. ద్రవ్య బిల్లును మండలి ఆపగలిగే గడువు పద్నాలుగు రోజులు. అది తీరేదాకా ఖజానా తాళం తెరుచుకోలేదు, జులై ఒకటిన పడాల్సిన జీతాలు ఆగాయి. నెల జీతంతో బియ్యం, బడి ఫీజు సర్దుకునే ఇళ్లకు అజెండాలో వరుస అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

సీమవాడిగా హైకోర్టు రావాలనే కోరుకున్నాను. అయినా ఆగి ఆలోచించమనే హక్కు మండలికి ఉండి తీరాలంటాను. ఆ హక్కు వాడుకున్నందుకు మండలినే ఎత్తేస్తామనడం నాకు నచ్చలేదు.

నెల గడువు తీరాక, జులై 31న గవర్నర్ బిశ్వభూషణ్ హరిచందన్ సంతకం చేశారు. ఆగస్టు 4న హైకోర్టు యథాతథ స్థితి కొనసాగించమంది. 2021 నవంబరు 22న అదే శాసనసభ ఆ చట్టాలను రద్దు చేసే బిల్లును ఒక్కరోజులోనే ఆమోదించింది. కర్నూలులో హైకోర్టు బెంచి కావాలన్న తీర్మానం 2024 నవంబరులో మరో శాసనసభ చేసింది.