సిద్ధాంతానికి సంఖ్య: టెక్ నుండి లాటెక్ వరకు

గణిత రచనలో సిద్ధాంతాలను సంఖ్యతో సూచించడం చిరకాల సంప్రదాయం. యూక్లిడ్ ‘ఎలిమెంట్స్’ ప్రథమ భాగంలోని 48 ప్రతిపాదనలలో పైథాగరస్ సిద్ధాంతం 47వది. దాని నిరూపణ 4, 41వ ప్రతిపాదనలను ఆశ్రయిస్తుంది. సూచించిన సంఖ్య తప్పితే పాఠకునికి తర్కపు గొలుసు తెగిపోతుంది.

తన గ్రంథపు కొత్త కూర్పు అచ్చు నమూనాలు నచ్చక, స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు డోనాల్డ్ క్నూత్ 1977లో టెక్ రూపకల్పనకు పూనుకున్నాడు. ప్లెయిన్ టెక్‌లోని ‘ప్రొక్లెయిమ్’ ఆదేశం శీర్షికను బొద్దు అక్షరాలలో, సిద్ధాంత పాఠాన్ని వాలు అక్షరాలలో కూర్చేది. సంఖ్యను మాత్రం రచయితే వేసుకోవాలి. నడుమ ఒక సిద్ధాంతం చేరితే తరువాతి సంఖ్యలనూ, వాటి ప్రస్తావనలనూ వెదకి దిద్దుకోవలసి వచ్చేది.

1980ల ఆరంభంలో టెక్‌పై లెస్లీ లాంపోర్ట్ నిర్మించిన లాటెక్ ఈ భారాన్ని యంత్రానికి అప్పగించింది. ‘న్యూథియరమ్’ ఆదేశంతో సంఖ్య దానంతటదే పడుతుంది. నిర్వచనాలు, సిద్ధాంతాలు ఒకే వరుసను పంచుకోవచ్చు. ప్రకరణం మారినప్పుడు లెక్క తిరిగి 1తో మొదలుకావచ్చు. ‘లేబుల్’తో పెట్టిన పేరును ‘రెఫ్’ సంఖ్యగా మారుస్తుంది. ఒక పర్యాయం సహాయక ఫైలులో నమోదైన సంఖ్యలను మరుపర్యాయం చదువుకుంటుంది కనుక ప్రతిని కనీసం రెండుసార్లు నడపాలి.

అనంతరం అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ ప్యాకేజీ సిద్ధాంతానికి ఇటాలిక్ అక్షరాలను, నిర్వచనానికి నిటారు అక్షరాలను కేటాయించింది. ఈ విధంగా సంఖ్యాక్రమం రచయిత జ్ఞాపకశక్తి నుండి రచనా నిర్మాణంలోకి మారింది.