వేదం వినే హక్కు ఎవరిది?

1869 నవంబరు 16. కాశీలోని ఆనందబాగ్ తోట జనంతో కిక్కిరిసింది. సభకు పెద్ద కాశీ మహారాజు ఈశ్వరీప్రసాద్ నారాయణ్ సింగ్. ఒక వైపు విశుద్ధానంద సరస్వతి, బాలశాస్త్రి వంటి ఉద్దండ పండితులు. వారికి ఎదురుగా కౌపీనం తప్ప ఒంటి మీద మరేమీ లేని గుజరాతీ సన్న్యాసి ఒక్కరే. ఆయన అడిగింది చిన్న ప్రశ్న: విగ్రహారాధనకు వేదంలో ప్రమాణం ఎక్కడుందో చూపండి. వాదం ధర్మ లక్షణాల మీదికి, అక్కడి నుంచి ‘పురాణ’ శబ్దం మీదికి మళ్లింది. చీకటి పడుతున్న వేళ ఆయన చేతికి ఒక రాతప్రతిలోని పుటలు ఇచ్చారు. ఆయన ఇంకా చదువుతుండగానే పండితులు గెలుపు తమదేనంటూ లేచి వెళ్లిపోయారు. జనం కేకలు వేశారు.

ఎవరు గెలిచారన్నది ఇరుపక్షాలూ తమకు తోచినట్టే రాసుకున్నాయి. కానీ ఆ రోజు అంతకంటే గమనించవలసిన విషయం ఒకటుంది. వాదమంతా సంస్కృతంలో సాగింది. కేకలు వేసినవారిలో ఎక్కువమందికి దేని గురించి వేస్తున్నారో తెలియదు. వేదం అందరిదీ అని చెప్పదలచిన మనిషి అందరికీ అర్థంకాని భాషలో మాట్లాడుతున్నాడు. దయానంద సరస్వతి జీవితంలో అసలైన మలుపు ఈ చిక్కు విడిపోవడంతోనే వచ్చింది.

ఆయన 1824లో కాఠియావాడ్ ప్రాంతంలోని మోర్వీ సంస్థానం, టంకారాలో పుట్టారు. పూర్వాశ్రమ నామం మూలశంకర్. శివరాత్రి జాగారంలో లింగం మీద తిరిగిన ఎలుకను చూసి సందేహంలో పడిన బాలుడి కథ అందరికీ తెలిసిందే. చెల్లెలి మరణం, పినతండ్రి మరణం ఆయన్ను అంతకంటే లోతుగా కలచివేశాయి. ఇంట్లో పెళ్లి ప్రయత్నాలు ముమ్మరం కాగానే 1846లో ఇల్లు విడిచారు. పద్నాలుగేళ్ల తిరుగుడు తరువాత 1860లో మథురలో విరజానందుడనే అంధ గురువు దగ్గరికి చేరారు. ఆ గురువు పట్టుదల గట్టిది. పాణిని అష్టాధ్యాయి, పతంజలి మహాభాష్యం తప్ప తరువాతి వ్యాకరణాలు వద్దనేవారు. ఋషులు రాసినవి వేరు, తరువాతివారు కల్పించినవి వేరు అన్న ఆ గీటురాయినే శిష్యుడు మొత్తం మతానికి అన్వయించాడు. తరువాతి కాలపు ఆచారాలు, పురాణాలు, పూజలు అన్నిటినీ వేదం ముందు నిలబెట్టి ప్రశ్నించాడు.

1872 డిసెంబరులో దయానందులు కలకత్తా వెళ్లారు. అక్కడ బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ ఒక సలహా ఇచ్చారు: జనంతో హిందీలో మాట్లాడండి, బట్టలు కట్టుకోండి. పండితుడైన సన్న్యాసి ఆ మాట వినడం చిన్న సంగతి కాదు. మాతృభాష గుజరాతీ, నేర్చిన భాష సంస్కృతం అయిన ఆయన నడివయసు దాటాక హిందీలో ఉపన్యాసాలు మొదలుపెట్టారు. 1875లో అచ్చయిన ‘సత్యార్థ ప్రకాశ్’ ఆ భాషలోనే వచ్చింది. వేదభాష్యానికి కూడా హిందీ వివరణ జోడించారు.

ఆయన బోధనలో గుండెకాయ ఏదని అడిగితే విగ్రహ ఖండన అని చాలామంది అంటారు. అంతకంటే పెద్ద తెగింపు మరొకటి ఉంది. శూద్రుడు, స్త్రీ వేదం వినకూడదన్న కట్టడిని ఆయన వేదంతోనే కొట్టారు. యజుర్వేదం 26వ అధ్యాయంలోని రెండో మంత్రాన్ని చూపి, ఈ వాక్కు మనుషులందరికీ చెప్పినదని వాదించారు. ఆడపిల్లలకూ వేదాధ్యయనం ఉండాలన్నారు. పెళ్లికి కనీస వయసు అమ్మాయికి 16, అబ్బాయికి 25 అని రాశారు. వర్ణం పుట్టుకతో కాదు, గుణకర్మలతో నిర్ణయం కావాలన్నారు. ఒక్క విషయంలో మాత్రం గ్రంథం ఆయన్ను కట్టిపడేసింది. ద్విజ వితంతువులకు పునర్వివాహం కంటే, సంతానం కోసం మాత్రమే పురుషుణ్ని స్వీకరించే ప్రాచీనమైన నియోగ పద్ధతినే సమర్థించారు. ఆయన బతికి ఉండగానే, 1881 డిసెంబరులో, రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. ఈ ఒక్క విషయంలో మన పంతులుగారే ముందున్నారు. తరువాతి ఆర్యసమాజీయులు గురువు మాటను దాటి వితంతు వివాహాలకు పూనుకున్నారు.

1875 ఏప్రిల్‌లో బొంబాయి గిర్గాఁవ్‌లో ఒక పార్సీ వైద్యుడి తోటలో ఆర్యసమాజం పుట్టింది. మొదట 28 నియమాలు పెట్టుకున్నారు. 1877లో లాహోరులో ఆతిథ్యం ఇచ్చినవారు ఆయన మాటలకు నొచ్చుకుని ముఖం చాటేస్తే, డాక్టర్ రహీం ఖాన్ అనే ముస్లిం తన ఇల్లు ఇచ్చారు. లాహోరు సమాజం మొదలైంది ఆ ఇంట్లోనే. అక్కడే నియమాలు పదికి తగ్గాయి. ఆ పదింటిలో దయానందుల పేరు ఎక్కడా లేదు.

1883లో జోధ్‌పూర్‌లో ఆయన జబ్బుపడ్డారు. విషప్రయోగమని చెబుతారు. ఆ ఏటి దీపావళినాడు అజ్మీరులో కన్నుమూశారు. మూడేళ్లు తిరక్కుండానే లాహోరులో ఆయన పేరిట దయానంద్ ఆంగ్లో-వేదిక్ (డీఏవీ) పాఠశాల తెరుచుకుంది. లాలా హంసరాజ్ జీతం తీసుకోకుండా ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశారు. ఇంగ్లిషు చదువు ఎంత ఉండాలి, మాంసాహారం కూడునా కూడదా అన్న తగవులతో 1893లో సమాజం రెండుగా చీలింది. మాంసాహారం కూడదన్న వర్గానికి చెందిన మున్షీరామ్, అంటే తరువాతి స్వామి శ్రద్ధానంద, 1902 నుంచి హరిద్వారం దగ్గర కాంగడీలో గురుకులం నడిపారు. జలంధరులో లాలా దేవరాజ్ ఆడపిల్లలకు మహావిద్యాలయం కట్టారు.

ఈ చరిత్రలో మెచ్చుకోలేని భాగమూ ఉంది. ‘సత్యార్థ ప్రకాశ్’ చివరి నాలుగు సముల్లాసాలు (అధ్యాయాలు) ఇతర సంప్రదాయాలను, జైన బౌద్ధాలను, క్రైస్తవాన్ని, ఇస్లామును కటువుగా విమర్శిస్తాయి. ఇతర మతాలవారిని తిరిగి హిందువులుగా చేర్చుకునే శుద్ధి ఉద్యమం పంజాబులో పగలు పెంచింది. 1897లో ఆర్యసమాజ ప్రచారకుడు లేఖ్‌రామ్, 1926లో శ్రద్ధానంద హత్యకు గురయ్యారు. కులం విషయంలోనూ మాటకు, చేతకు ఎడం మిగిలిపోయింది. లాహోరులో ఆర్యసమాజీయులు నడిపిన జాత్ పాత్ తోడక్ మండల్ 1936లో అంబేడ్కర్‌ను అధ్యక్షోపన్యాసానికి పిలిచి, ప్రసంగ పాఠం చూశాక వెనక్కి తగ్గింది. ఆయన దాన్ని ‘కుల నిర్మూలన’గా తానే అచ్చువేసుకున్నారు.

హైదరాబాదుకు ఆర్యసమాజ ఉద్యమం 1892లో వచ్చింది. సుల్తాన్‌బజారు సమాజం అప్పటిదే. కేశవరావు కోరట్కర్ వంటివారు దానికి అండగా నిలిచారు. నిజాం ప్రభుత్వం 1929లో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు తెచ్చి సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. యజ్ఞశాల కట్టాలన్నా, ఓం జెండా ఎగరేయాలన్నా, బయటి ప్రచారకులు రావాలన్నా అధికారుల దయమీద ఆధారపడవలసి వచ్చేది. 1938 డిసెంబరులో షోలాపూరులో సభ పెట్టుకుని, మరుసటి నెల సత్యాగ్రహం ఆరంభించారు. దేశం నలుమూలల నుంచి వచ్చినవారితో నిజాం జైళ్లు నిండాయి. ఆర్యసమాజ నాయకుడు పండిట్ నరేంద్రను నల్లమలలోని మన్ననూరులో నిర్బంధించారు. 1939 ఆగస్టులో ప్రభుత్వ హామీలతో ఉద్యమం ఆగింది. రాజకీయ పార్టీలకు తావులేని సంస్థానంలో సభ జరుపుకునే హక్కు, మాట్లాడే హక్కు ఎందరికో ఈ సమాజం ద్వారానే పరిచయమయ్యాయి. స్టేట్ కాంగ్రెస్‌లోకి, నిజాం వ్యతిరేక పోరాటంలోకి ఇక్కడి నుంచి చాలామంది నడిచి వెళ్లారు. 1947 డిసెంబరులో నిజాం కారు మీద బాంబు విసిరిన నారాయణరావు పవార్ కూడా ఆర్యసమాజీయుడే.

ఇప్పటి తెలుగువారి నోట ఆర్యసమాజం పేరు ఎక్కువగా వినిపించేది పెళ్లిమాటల్లో. 1937 నాటి ఆర్య వివాహ చట్టం ప్రకారం, వధూవరులు ఇద్దరూ ఆర్యసమాజీయులైతే కులాలు వేరన్న కారణంతో ఆ పెళ్లి చెల్లకపోదు. ఒకప్పుడు వేరే మతంలో ఉన్నారన్న కారణమూ పనికిరాదు. పెద్దలు ఒప్పుకోని ఎన్నో కులాంతర జంటలు ఇప్పటికీ హైదరాబాదులోని సమాజ మందిరాలకు వెళ్లి, హోమం ముందు మంత్రాలు పలికి, ఆపైన రిజిస్ట్రారు కార్యాలయంలో వివాహాన్ని నమోదు చేయించుకుంటాయి.