వలందపాలెం నుంచి కామాఠీపుర దాకా

బంటుమిల్లి ప్రాంతంనుంచి బందరు వెళ్ళేవారికి వలందపాలెం కొత్త పేరు కాదు. 1605లో వర్తకానికి దిగిన హాలెండువారిని మనవాళ్ళు వలందులన్నారు. పరాసువారు పరాసుపేటను, ఇంగ్లీషువారు ఇంగ్లీషుపాలేన్ని వదిలిపోయారు. వలందుల సమాధులు నేటికీ పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. ఆ రాళ్ళను కాపాడవద్దని నేననను. కాని పొట్ట చేతబట్టుకొని పరాయి ఊరు పోయిన మన కూలివాళ్ళ ఇళ్ళకు ఏ శాఖ రక్షణ ఉన్నదో విచారించక తప్పదు. అందుకు బొంబాయికి పోవాలి.

కృష్ణ పాయల మధ్య లంకలను చూచినవారికి పాత బొంబాయి సులువుగా బోధపడుతుంది. అది ఏడు లంకల ఊరు. పోటు వచ్చినప్పుడల్లా వర్లీ గండిగుండా సముద్రం లోపలికి వచ్చి పల్లపు నేలలను ముంచేది. 1784 నాటికి హార్న్‌బీ కట్ట ఆ గండిని మూసింది. అలా తేరిన బురద నేలలో 18వ శతాబ్దం చివర గుడిసెలు వేసుకొన్నవారిలో నైజాం రాజ్యపు తెలుగు కూలీలు ముఖ్యులు. బొంబాయివారు వారిని కామాఠీలన్నారు. పేట కామాఠీపుర అయింది. ఆ పేరు వినగానే ముసిముసిగా నవ్వే పెద్దమనుషులు మనలో ఉన్నారు. ఆ వీధులను వ్యభిచార గృహాలకు నెలవు చేసినవి వలస పాలకుల రేవు అవసరాలు. పేటకు పేరిచ్చింది మట్టి మోసి, గోడ కట్టిన చేతులు.

ఆ కూలీల మీద బాగుపడిన తెలుగు కంట్రాక్టర్లూ లేకపోలేదు. వర్గ భేదం భాష చూచి ఆగదు గదా! అయినా వారిలో జాయా కరాడీ లింగు, వెంకు బాలాజీ కాలేవార్ వంటివారు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి అండగా నిలిచారు. ఫూలేకు 1888లో మహాత్మ బిరుదమిచ్చింది కూడా బొంబాయిలోనే. మన సంఘ సంస్కరణ చరిత్రలో ఈ అధ్యాయానికి ఇంతవరకు తగిన చోటివ్వలేదు.

తర్వాత సాలెలు వచ్చారు. మాంచెస్టరు బట్ట బందరు అద్దకాన్ని ఎలా దెబ్బ తీసిందో మనమెరుగుదుము. యంత్రపు పోటీ తెలంగాణ మగ్గాన్నీ విడిచిపెట్టలేదు. కరీంనగరం, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు వర్లీ, పరేలు మిల్లులలో చేరారు. 1920ల్లో ప్రభుత్వం కట్టిన బి.డి.డి. చాళ్ళలో ఒక్కో గది సుమారు 160 చదరపుటడుగులు; అందులోనే కుటుంబమంతా.

1982 జనవరి 18న దాదాపు రెండున్నర లక్షలమంది మిల్లు కార్మికులు సమ్మె కట్టారు. సమ్మె నలిగింది, మిల్లులు మూతపడ్డాయి. అప్పుడు తేలిందేమంటే, యజమానికి నూలుకంటె నేల లాభసాటి. 1991 నిబంధన ప్రకారం మిల్లు భూమిని మార్చుకొనేవాడు ఒక వంతు నగరపు ఖాళీ జాగాలకు, ఒక వంతు ప్రభుత్వ గృహాలకు విడిచి, మూడో వంతు తానుంచుకోవాలి. 2001లో ఒక చిన్న సవరణ వచ్చింది: పంచవలసింది అప్పటికే ఖాళీగా ఉన్న నేలను మాత్రమే, షెడ్డు కూల్చగా ఏర్పడిన నేల లెక్కలోకి రాదు. మిల్లంటేనే షెడ్డులు గనక, ప్రజల వాటా ఏపాటిదో పాఠకులే ఊహించగలరు. 2005లో హైకోర్టు ఆ సవరణకు అడ్డు తగిలింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు యజమానులకు అనుకూలంగా తీర్పు చెప్పింది. లోయర్ పరేలులో శ్రీనివాస మిల్లు ఉన్నచోట ఈనాడు 76 అంతస్తుల వరల్డ్ వన్ విలాస భవనం నిలిచి ఉంది.

వర్లీ చాళ్ళ సంగతి కొంత వేరు. అక్కడి మొదటి 556 కుటుంబాలకు 2025 ఆగస్టులో 500 చదరపుటడుగుల ఇళ్ళ తాళాలు అందాయి. దీన్ని తక్కువ చేయను. చాలా ఏళ్ళు పట్టు విడవకుండా సాధించుకొన్నది. ఆ ఇళ్ళ ఖర్చు రాబట్టేది అదే నేలమీద ధనికులకు అమ్మే గోపురాలనుంచి. అంటే పేదవాడు ఇరుకున సర్దుకొనగా మిగిలిన నేలకే ఆ ధర.

ఇప్పుడు కామాఠీపుర వంతు. పేటంతా కూల్చి కట్టే పథకాన్ని మహారాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ చేపట్టింది. హక్కును తేల్చేవి కాగితాలు. అద్దెదారు దగ్గర మళ్ళీ అద్దెకున్నవాడు, మంచానికి మాత్రమే అద్దె కట్టే స్త్రీ, మొన్న పాలమూరునుంచి వచ్చిన తాపీ కూలి — వీరి చేతిలో ఏ రసీదు ఉంటుంది? 1784 తర్వాత ఆ బురదలో గుడిసె వేసుకొన్నవాని చేతిలోనూ ఏ రసీదూ లేదు.